బాతు మెడలో పచ్చ పట్టీ

పోయిన వానాకాలంలో ఆయన చనిపోయినప్పుడు బళ్లారి బజారులోని వర్తకులు సంతాప సభ పెట్టారు. ఆయనకు పక్షుల భాష తెలుసని ఒకరు అన్నారు. ఆకాశంలో ఎగిరే పక్షిని ఒక్కసారి చూస్తే చాలు, అది ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పేవాడని ఇంకొకరు అన్నారు. మూడో వక్త, మన ఊరి చెరువును ఒంటిచేత్తో కాపాడిన మహానుభావుడని చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టకూడని సభ గనుక ఎవరూ కొట్టలేదు గానీ, కొట్టాలని చాలామందికి ఉన్నట్టు కనిపించింది.

నా ఉద్యోగ జీవితమంతా నీళ్లను పరీక్షించే ప్రయోగశాలలో గడిచింది. సీసా మీది చీటీని నమ్మి లోపల ఏముందో రాసే అలవాటు నాకు లేదు. ఆ మూడు మాటలనూ ఇంటికి మోసుకొచ్చి ఒక్కొక్కటిగా పరిశీలించాను. పక్షుల భాష మాట అటుంచితే, పక్షుల పేర్లే ఆయనకు సరిగా రావు. ఏ పక్షి ఏ దేశానిదో చెప్పేవాడన్నది నిజమే. అయితే చెప్పినవాటిలో చాలా భాగం తప్పు. ఇక చెరువును ఆయన ఒంటిచేత్తో కాపాడాడనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఉన్నట్టు నటించడం ఆయనకు గౌరవం కాదు.

ఇవన్నీ తీసేస్తే ఇంకేం మిగులుతుందని అడగవచ్చు. సభలో ఎవరూ ప్రస్తావించని ఒక ఉదయం మిగులుతుంది. ఆ ఉదయం నేను ఆయన పక్కన నిలబడి ఉన్నాను. నా జీవితంలో నేను గర్వపడే విషయాలు కొన్నే ఉన్నాయి. వాటిలో అది మొదటిది.

ఆయన పత్తి దలాలి. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య కూర్చుని ధర కుదిర్చే మనిషి. తాతల నాడే బళ్లారిలో స్థిరపడిన తెలుగు వర్తక కుటుంబం వాళ్లది. తెల్లటి పంచె, తెల్లటి టోపీ, భుజం మీద ఎర్ర అంచు తుండుగుడ్డ, బొడ్డున నశ్యం డబ్బీ. గొంతు మాత్రం మార్కెట్ యార్డు కొలతకు తయారైనది. పత్తి బస్తాల మీద నిలబడి ఒక కొస నుంచి ఇంకో కొసకు వినిపించేటట్టు అరిచి అరిచి, రహస్యం చెప్పినా వీధి మలుపు దాకా పోయే గొంతయింది.

మా పరిచయానికి కారణం ఆ గొంతే. గాంధీనగర్‌లో ఇల్లు తీసుకున్న మొదటి ఏడాది, శివరాత్రి దాటాక, చెరువు పక్క పార్కులో బైనాక్యులర్ పట్టుకుని కూర్చున్నాను. మధ్య ఆసియా నుంచి చలికాలానికి వచ్చి, ఎండలు ముదిరే లోపల తిరుగు ప్రయాణం కట్టే పెద్ద బాతుల గుంపొకటి నీటి అంచున మేస్తోంది. లేత బూడిద రంగు ఒళ్లు, తెల్లని తల, తల వెనక భాగాన అడ్డంగా రెండు నల్లని పట్టెలు. అప్పుడే వెనక నుంచి ఒక కేక పడింది.

"ఏందప్పా సారూ, దాంట్లో నుంచి యేమి కనపడ్తాది?"

గుంపంతా ఒక్కసారి లేచిపోయింది.

"ఇప్పటిదాకా బాతులు కనపడుతూ ఉన్నాయి," అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. ఖాళీ నీళ్ల వైపు చూసి, "నా గొంతుకే లేచిపోయినాయా?" అని ఈసారి నిజంగానే గుసగుసలాడబోయాడు. గట్టు మీది కొంగ కూడా లేచిపోయింది.

మరునాడు నాకంటే ముందే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చోగానే ఒక్క మాటైనా అనకుండా తుండు తీసి నా కుడిచేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి దూర్చాడు. పత్తి బజారులో, పశువుల సంతలో పాత దలాలులు బేరం చేసే పద్ధతి అది. చుట్టూ నిలబడినవాళ్లకు తెలియకుండా గుడ్డ కింద వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. ఆయన ఆ విద్యను పక్షులకు మళ్లించాడు. నా వేలికొసను గిల్లితే సూదితోక బాతు. బొటనవేలిని అదిమితే చెంచా లాంటి మూతి ఉన్న బాతు. రెండు వేళ్లను కలిపి అడ్డంగా నొక్కితే తల మీద పట్టెలున్న పెద్ద బాతులు. అరచేతిలో చిటికెన గోటితో గీకితే బురదలో గునగున నడుస్తూ ముక్కుతో పొడుచుకు తినే ఉల్లంకులు. గొంతు ఎత్తనక్కర లేదు, చెయ్యి చాపి చూపించనక్కర లేదు. ఆ పద్ధతి పనిచేస్తుందా అని నేను కొన్నాళ్లు గమనించాను. పనిచేసింది. బాతులు మమ్మల్ని లెక్కచేయడం మానేశాయి.

పార్కులో నడిచేవాళ్లు మాత్రం బాగా లెక్కచేశారు. వాళ్లలో ఒక వకీలమ్మ ఉండేది. సిరుగుప్ప వైపు కాలువ కింద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఇంటి ఆడపడుచు. బళ్లారి కోర్టులో ప్రాక్టీసు. రోజూ మా ముందు నుంచి వెళుతూ ఒక మాట విసరనిదే ఆమెకు నడక పూర్తయ్యేది కాదు.

"ఏంటండీ, ఇంకా బేరం తెగలేదా? మీరిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకు కూర్చుంటే మా వాకింగ్ వాళ్లందరూ పెళ్లి ఎప్పుడని అడుగుతున్నారు."

"నువ్వే ముహూర్తం పెట్టమ్మా," అనేవాడు ఆయన. "ఈ సారు వొప్పుకోవల్ల. ముహూర్తానిక్కూడా రుజువు అడుగుతాడు."

అది నిజమే. నేను అడిగేవాణ్ణి. పట్టెల బాతులకు ఆయన పెట్టుకున్న పేరు 'విభూతి బాతులు'.

"విభూతి తెల్లగా ఉంటుంది, నుదుటి మీద ఉంటుంది," అన్నాను మొదటిసారి విన్నప్పుడు. "ఇవి నల్లగా ఉన్నాయి, తల వెనక ఉన్నాయి."

"అయితే యేమప్పా? అన్ని దేశాలు తిరిగొచ్చేటప్పటికి మాసిపోయింటాది. గాలికి యెనక్కి జరిగింటాది."

ఇవి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరం మీదుగా ఎగిరొస్తాయని ఎక్కడో విని ఒకరోజు గొప్పగా చెప్పాడు. హిమాలయాలు దాటడం నిజమే, చాలా ఎత్తున ఎగరగలవన్నదీ నిజమే, ఆ ఒక్క శిఖరం మాట మాత్రం ఎక్కువగా చెప్పుకునే కథ అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, అక్కడివాళ్లు గుడ్డ అని పిలిచే ఊరి కొండ వైపు చెయ్యి చూపించాడు.

"సారూ, మనం బళ్లారి గుడ్డ యెక్కనీకే యెగపోస్తాం. అవి యెక్కింది యే గుడ్డయితే యేంది? యెక్కినాయా, లేదా?"

"ఎక్కాయి."

"సాకు," అన్నాడు. కన్నడంలో చాలు అని. ఆయన వాదనలన్నీ ఆ మాటతోనే ముగిసేవి.

బాతులు ఏటా దీపావళి నాడే దిగుతాయని కూడా ఆయన అనేవాడు. రెండేళ్లు చూసి, అలా జరగడం లేదని తేల్చి చెప్పాను. అప్పుడు ఆయన చేసిన పని నాకు బాగా గుర్తుంది. బొటనవేలినీ చూపుడువేలినీ రాచి, వాటికి అంటుకున్న దూదిపోగును ఊదినట్టు ఉఫ్ మని ఊదాడు. "పోయింది," అన్నాడు. ఆ తరవాత దీపావళి మాట ఆయన నోట మళ్లీ రాలేదు. నేను సరిచేసిన ప్రతి మాటనూ అలాగే ఊదేసేవాడు. తప్పు చెప్పానన్న దిగులూ లేదు, సమర్థించుకునే తొందరా లేదు. చదువుకున్నవాళ్లలో కూడా అంత తేలికగా ఊదేసేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. అయితే ఆయన్ను పెద్ద వినయవంతుడని పొరపడకూడదు. మరుక్షణమే ఇంకో తప్పును అంతే ధీమాగా ప్రకటించేవాడు.

ఆయనకు రెండు వ్రతాలుండేవి. పక్షులు నీటి మీద ఉన్నంతసేపూ నశ్యం పీల్చేవాడు కాదు, తుమ్ముకు లేచిపోతాయని. అవి తమంతట తాము ఎగిరాక, డబ్బీ తెరిచి, అంతసేపు ఆపుకున్నదంతా కలిపి తుమ్మేవాడు. రెండోది, బాతులకు బొరుగులు విసిరేవాళ్లను సహించేవాడు కాదు. "అది నీ యింటికి వచ్చిన చుట్టమా? హిమాలయాలు దాటి నీ బొరుగులకు వచ్చిందా? తీసి నువ్వు తిను!" అనేవాడు. ఆ కేకకు బాతులు లేచిపోయేవి. వ్రతం ఏ మాత్రం ఫలించేది కాదు.

తుండు గురించి ఆయన ఒక నియమం పదే పదే చెప్పేవాడు. గుడ్డ కింద వేళ్లు కలిసున్నంతసేపూ బేరం ఎటైనా తిరగవచ్చు. గుడ్డ తీసేశాక తిరగదు. "తుండు తీసినాక మాట మారదు సారూ. మారిస్తే ఆ చేతిని బజార్లో మళ్లా యెవరూ పట్టుకోరు. నా చేతిని ఇంకా పట్టుకుంటాండారంటే దానికే." ఈ మాట అనేటప్పుడు చెయ్యి చాపి చూసుకునేవాడు. ఆయనకున్న ఆస్తి అంతా ఆ అరచేతిలో ఉందన్నట్టు.

ఆయన పోయిన ఏడాదే, చలికాలం చివర్లో చెరువుకు ఒక పథకం వచ్చింది. చుట్టూ రాతికట్ట, పడవలు, రంగు దీపాలు. వాటితో మాకు పేచీ లేదు; పేచీ పడమటి మూల గురించి. ఎండాకాలం ముందు నీళ్లు వెనక్కి జరిగినప్పుడు అక్కడ విశాలంగా బురద తేలుతుంది. పార్కుకు వచ్చేవాళ్లు దాన్ని చూసి ముక్కు మూసుకుంటారు. దూరప్రయాణానికి ముందు ఉల్లంకులు ఒంటికి కొవ్వు పట్టించుకునేది ఆ బురదలోని పురుగులతోనే. దాన్ని తవ్వి లోతు చేసి రాయి పేరిస్తే వాటికి దిగడానికి చోటుండదు. వకీలమ్మ నడకవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించి, ఆ మూలను వదిలేయమని అర్జీ తయారు చేస్తోంది. పథకం పని చూసే ఇంజనీరు వచ్చి చూస్తానన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఉదయం, తుండు కింద ఆయన వేళ్లు మా భాషలో లేని పని చేశాయి. నా మణికట్టును చుట్టూ బిగించి పట్టుకున్నాయి. నేను అర్థం చేసుకునే లోపలే ఆయన తుండు లాగేశాడు.

"మెడలో పట్టీ! పచ్చది! విభూతి బాతు మెడలో!"

నేను బైనాక్యులర్ ఎత్తేసరికి గుంపు జమ్ము గడ్డి చాటుకు వెళ్లిపోయింది. ఆ వారమే నేను ఆయనకు ఒక సంగతి చెప్పి ఉన్నాను. మంగోలియా వైపు పరిశోధకులు కొన్ని బాతుల మెడలకు గుర్తు వేసిన ప్లాస్టిక్ పట్టీలు తొడుగుతారని, అలాంటిది ఇక్కడ కనిపిస్తే అది పెద్ద సమాచారమని. కాబట్టి పట్టీ ఆయన కంటిలో ముందే సిద్ధంగా ఉంది.

"నేను చూడలేదు," అన్నాను.

"నేను చూసినా కదప్పా!"

మధ్యాహ్నానికి బజారంతా తెలిసింది. సాయంత్రానికి వకీలమ్మ ఫోను చేసింది. "పెద్దాయన బంగారమండీ! మంగోలియా బాతు! ఇంక ఆ మూలను ఎవరు తవ్వుతారో చూస్తాను." అర్జీని మళ్లీ రాసి, పట్టీ బాతును మొదటి పేరాలో పెట్టింది. కింద ప్రత్యక్ష సాక్షిగా ఆయన పేరు.

నాకు అనుమానం పోలేదు. ఆ మూల నీళ్లలో పచ్చటి నాచు దారాలు దారాలుగా పెరుగుతుంది. తల ముంచి లేచిన బాతు మెడకు అది చుట్టుకుని ఉండవచ్చు. ఆ మాట ఆయనతో అన్నాను. దూదిపోగులా ఊదేస్తాడనుకున్నాను. ఊదలేదు. మొహం ఎర్రబడింది.

"పత్తి గింజ పగలగొట్టకుండానే లోపల నూనె యెంతుండాదో చెప్పిన కన్ను ఇది. నీ సీసాలతో దీన్ని కొలుస్తావా?"

ఆ తరవాత కొన్నాళ్లు ఆయన పార్కుకు ఆ కొసన కూర్చున్నాడు, నేను ఈ కొసన. నా చెయ్యి ఊరికే ఒళ్లో పడి ఉండేది.

ఇంజనీరు రావడానికి ముందటి రోజు తెల్లవారుతుండగా మా గేటు చప్పుడైంది. బయట ఆయన.

"సారూ, నీ బైనాక్యులర్ తెచ్చుకో. నాకు నిద్ర పట్టలేదు."

పడమటి మూలలో గట్టు చాటున కూర్చున్నాం. బాతుల గుంపు నీటి అంచున తలలు ముంచి నాచు లాగుతోంది. నేను చూసి, బైనాక్యులర్ ఆయనకిచ్చాను. ఒకటి తల ఎత్తింది; ముక్కు నుంచి పచ్చటి దారాలు వేలాడుతున్నాయి. ఇంకొకటి ఎత్తింది, దాని మెడ చుట్టూ పచ్చటి వలయం. అది మెడ విదిలించింది. వలయం తెగి నీళ్లలో పడింది.

ఆయన బైనాక్యులర్ దించి నా చేతికిచ్చాడు. నాకు తెలిసిన పద్ధతిలో నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఈరోజు చూసినది ఆరోజు మీరు చూసినదాన్ని అబద్ధం చేయదు. ఆరోజు నిజంగానే పట్టీ ఉండి ఉండవచ్చు. అవకాశం తక్కువే, కానీ లేదని చెప్పలేను."

"అంటే రేపు ఇంజనీరు ముందర 'చూసినా' అంటే అది అబద్ధం కాదంటావు?"

"అబద్ధమని నిరూపించలేం అంటున్నాను."

బాతులు లేచి చెరువు నడిమికి వెళ్లిపోయాయి. ఆయన నశ్యం డబ్బీ తీశాడు. తెరవకుండానే చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"సారూ, నీ మాట కోర్టులో నిలబడ్తాది. బజార్లో నిలబడదు. పత్తిలో చెయ్యి దూర్చి చూడకుండా నేను యే పొద్దూ ధర పలకలేదు. ఆ పొద్దు నా కన్ను ఆ బాతు మెడ దాకా పోనేలేదు. పోకముందే తుండు తీసేసినా."

"చెప్పకపోతే?" అన్నాను. ఆ మూల పోతుందేమోనన్న భయం నాకూ ఉంది.

"చెప్తే ఆ బురద పోతాది. చెప్పకపోతే నేను పోతా," అన్నాడు. "యింటికి పోదాం పద. కాఫీ తాగుదాం."

మరునాడు ఉదయం పడమటి మూలలో చాలామంది చేరారు. నడకవాళ్లు, బజారు నుంచి కొందరు వర్తకులు, ముందు వరసలో అర్జీతో వకీలమ్మ. ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చాడు. ఇంజనీరు కన్నడిగుడు, యువకుడు. మాతో తెలుగు కలిపి మాట్లాడాడు. వకీలమ్మ చెప్పిందంతా ఓపికగా విన్నాడు. పట్టీ మాట దగ్గర అతని కళ్లలో మొదటిసారి ఆసక్తి కనిపించింది.

"యజమాన్రే, మంగోలియా హక్కి, పక్షి అంట! మెడలో పట్టీ మీరే నోడిదిరా, చూశారా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన గొంతు గురించి ముందే చెప్పాను. ఆ రోజు కూడా దాన్ని తగ్గించలేదు.

"చూసినా అని ఊరంతా చెప్పింది నేనేనప్పా. అది తప్పు. అది పట్టీ అయ్యుండొచ్చు, నాచు అయ్యుండొచ్చు. నేను సరిగ్గా చూడలేదు. చూడకుండానే చెప్పినా."

వెనక నుంచి ఒక పత్తి వర్తకుడు నవ్వాడు. "దలాలప్పా! తుండు తీసినాక మాట మారుస్తాండావే!"

ఆయన వెనక్కి తిరిగాడు. వేళ్లు రాచి ఊదుకోలేదు. చిన్న తప్పులకు సరిపోయే ఆ చేష్ట దీనికి సరిపోదని ఆయనకు తెలుసు.

"మారుస్తాండా. అందరి ముందర నిలబడి మారుస్తాండా. చాటున మారిస్తే కదప్పా సిగ్గు."

నిజానికి ఆయన్ను రక్షించడానికి ఒక వాక్యం నా దగ్గర సిద్ధంగా ఉంది. పట్టీ లేదని నిరూపణ కాలేదు అన్న వాక్యం. శాస్త్రం ప్రకారం అందులో ఒక్క అక్షరం తప్పులేదు. ఆ వాక్యాన్ని ముందురోజే ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తూచి, నాణ్యం చాలదని తిరిగి ఇచ్చేశాడు. నేను నమ్మి బతికిన పద్ధతిని నాకంటే గట్టిగా పాటించిన మనిషిని ఆ ఉదయమే చూశాను. నష్టం వస్తుందని తెలిసీ, తప్పించుకునే దారి ఎదురుగా ఉండీ పాటించాడు. ఆయన పక్కన నిలబడి ఉండగా నా వెన్ను నిటారైంది. అతిశయోక్తి కాదు, నడుం నొప్పి వల్ల నేను మామూలుగా కొంచెం వంగే నిలబడతాను.

"సరి, నోడోణ," అన్నాడు ఇంజనీరు. చూద్దాంలెండి అని. జీపు వెళ్లిపోయింది.

వకీలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. "ఏంటండీ పెద్దాయనా ఇది? నిలబడే కేసును చేజేతులా పడగొట్టారు. ఆ బురద పోతే ఎవరిదండీ పాపం?"

"అమ్మా, ఉల్లంకులు నీ అర్జీలో యాడుండాయి?"

ఆమె అర్జీ కాగితాలు తిప్పింది.

"యెనక పేజీలో ఉండాయి. దినామూ ఈడ దిగి ఈడ తినేవి అవి. మెడలో పట్టీ లేదని నువ్వూ నేనూ కలిసి వాటిని యెనక్కి నూకినాం. ఆ బురద పట్టీ బాతుది కాదమ్మా. వీటిది."

ఆమె వినిపించుకోకుండా వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె నడక వేగం పెరిగేది. మాట విసరడం మానేసింది. బజారులో ఇంకా ఘోరం. ఒకాయన చెయ్యి చాపి, "పట్టుకోవచ్చా, రేపు మారుస్తావా?" అని అడిగాడట. ఆ సంగతి నాకు చెబుతూ ఆయన నవ్వాడు గానీ, చిటికెడు నశ్యం ముక్కు దాకా పోకుండా పంచె మీద రాలిపోయింది.

"తప్పేముంది, అడగొచ్చు," అన్నాడు పంచె దులుపుకుంటూ. "అడిగేటట్టు చేసింది నేనే కదా."

ఆయన పార్కుకు రావడం మానలేదు. పెద్ద బాతులు ఒక్కొక్క గుంపే ఉత్తరానికి వెళ్లిపోయాయి. ఉల్లంకులు మాత్రం ఇంకా బురద మీద గునగున తిరుగుతూనే ఉన్నాయి. నా అరచేతిలో ఆయన చిటికెన గోరు రోజూ గీకేది. ఇంక గీకడానికి ఏముందన్నట్టు నేను చూస్తే, "ఉండాయి కదప్పా," అనేవాడు.

ఉగాది ఇంకా రాలేదు. ఒక ఉదయం నేను కొంచెం ఆలస్యంగా పార్కు గేటు దగ్గరికి చేరేసరికి మోటారు సైకిలు ఆపి ఇంజనీరు దిగుతున్నాడు. జీపు లేదు, వెంట మనుషులు లేరు. గేటులో ఎదురైన వకీలమ్మను అతను పలకరించాడు.

"మేడమ్, ఆ మూలలో హక్కిలు నిజంగా ఎన్నాళ్లుంటాయి, ఏం తింటాయి, నాకు సరిగ్గా తెలియాలి. యారన్ను కేళాలి? ఎవర్ని అడగాలి?"

ఆమె నన్ను చూసింది. బైనాక్యులర్ మెడలో వేసుకున్నవాణ్ణి నేను, నన్నే చూపిస్తుందనుకున్నాను. ఆమె చెయ్యి నన్ను దాటి, పడమటి మూల బల్ల మీద ఒంటరిగా కూర్చున్న తెల్ల టోపీ వైపు చాచింది.

"ఆయన్ను అడగండి. చూడకపోతే చూడలేదని చెప్పే సాక్షిని, ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను ఆయన్నొక్కణ్ణే చూశానండి."

తరవాత జరిగినదాన్ని నేను జాగ్రత్తగా రాయాలి. రాతికట్ట కట్టారు. పడమటి మూల దాకా వచ్చి అది ఆగిపోయింది. పడవలు అవతలి వైపే తిరుగుతున్నాయి. ఎందుకు ఆగిందో నాకు తెలియదు. డబ్బు చాలక కావచ్చు, బురదలో పునాది నిలవక కావచ్చు, ఇంజనీరు మనసు మారి కావచ్చు. ఆయన వల్లనే ఆగిందని రాస్తే, కన్ను మెడ దాకా పోకముందే తుండు తీసినట్టవుతుంది. ఈ ఏడు కూడా ఆ బురద తేలింది, ఉల్లంకులు దిగాయి. ఇంతవరకు నేను చూశాను. నా గర్వం కట్ట ఆగినందుకు కాదు. అది అవతలి కొస దాకా కట్టి ఉన్నా ఈ గర్వం ఇంతే ఉండేది.

ఆ ఉదయం ఇంజనీరు వెంట నేనూ వకీలమ్మా నడిచాం. మా అడుగుల చప్పుడుకు ఆయన తిరిగి చూశాడు. ముందు వకీలమ్మ కనిపించింది. ఆయన బల్ల మీద కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. ఇంజనీరు జేబులోంచి పెన్ను తీశాడు.

"యజమాన్రే, ఈ చిన్న హక్కిలు ప్రతి ఏడాదీ ఈడకే వస్తాయా? మీరు చెప్పండి, నేను రాసుకుంటా."

ఆయన చూపుడువేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. బురద మీద ఉల్లంకులు పొడుచుకు తింటున్నాయి. అంత మెల్లగా ఆయన మాట్లాడగలడని నేను అంతవరకూ ఎరగను. ఒక్క పిట్ట కూడా లేవలేదు.

"నేను చెప్పింది రాసుకోవద్దప్పా. నేను ఒకసారి తప్పు చెప్పినోణ్ణి. ఈడ కూర్చో. నువ్వే చూడు."

ఇంజనీరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టి, గట్టు మీద కూర్చున్నాడు.